మా వంటింట్లో బస్ స్టాపు

మా వంటింట్లో పొయ్యికీ ఉప్పు జాడీకీ నడుమ ప్రభుత్వం వారి బస్ స్టాపు ఉండేది. నవ్వకండి. నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. నీలం రంగు మీద తెల్లక్షరాలతో బోర్డు కూడా పెట్టారు. దానికి పోపు పొగ పట్టి మసిబారిపోతుంటే రోజూ తడిగుడ్డ పెట్టి తుడిచేది నేనే. ఇదెలా జరిగిందో మొదట్నుంచీ చెబుతాను. నడుమ అడ్డు రాకండి, నాకు మాట తెగితే మళ్లీ మొదటికొస్తాను.

నా పేరు వెంకాయమ్మ. మాది పట్టుమని పది కొంపలు లేని పేట. పేటకి పడమర ఉప్పుమెరక, తూర్పున తాడిలంక. తాడిలంక దాటితే ఇంక సముద్రమే. మేం ఏ ఊరి కిందకొస్తామో ఎవరికీ తెలియదు. ఓట్లప్పుడు రెండు ఊళ్లూ మా వాళ్లంటే మా వాళ్లంటాయి, వీధి దీపాలు అడిగితే మీ వాళ్లంటే మీ వాళ్లంటాయి. పేటకి ఉత్తరాన కొబ్బరితోట, తోట దాటితే తారు రోడ్డు.

ఆ రోడ్డు మీద కొత్తగా బస్సు వేశారు. రెండు ఊళ్లకీ కలిపి ఒక్కటే స్టాపు మంజూరైంది. ఉప్పుమెరక సర్పంచ్ ముత్యాలరావు తన ఊరి మొదట్లో ఆపమన్నాడు. తాడిలంక సర్పంచ్ సీతారత్నం తన ఊరి మొదట్లో ఆపమంది. ఒకరు ఆపితే రెండోవాళ్లు బస్సు ముందు పడుకునేవాళ్లు. డ్రైవరుకి తల ప్రాణం తోకకొచ్చి, ఎక్కడా ఆపకుండా దూసుకుపోవడం మొదలెట్టాడు. అప్పుడు పైవాళ్లు ఈ తగువు తీర్చడానికి ఒక పెద్దమనిషిని పంపారు. ఆయన పేరు విశ్వపతి గారు, సమదూర అమలు ప్రత్యేకాధికారి. జీపు దిగేటప్పుడే చంకలో ఇత్తడి పెట్టె ఉంది. అందులో వృత్తలేఖినీ, స్కేలూ, చెక్కిన పెన్సిళ్లూ ఉన్నాయి. అంత వయసొచ్చాక పలకా బలపం పట్టుకుని తిరిగే అధికారిని నేను మొదటిసారి చూశాను.

రెండు ఊళ్ల జనాన్నీ కొబ్బరితోటలో కూచోబెట్టి ఆయన మాట్లాడారు.

"ఎట్టి పక్షపాతమునకును తావు లేకుండా, ఉభయ గ్రామ పంచాయతీల జెండా స్తంభముల నడుమ ఒక సరళరేఖ గీయబడును. సదరు రేఖ యొక్క మధ్య బిందువు వద్ద బస్ స్టాపు నెలకొల్పబడును. మధ్య బిందువు కంటే న్యాయమైన వస్తువు ఈ సృష్టిలో లేదు."

జనం చప్పట్లు కొట్టారు. ఏం పోయేకాలమో, నేనూ కొట్టాను.

ఆయన బల్ల మీద పటం పరిచి, ఒక జెండా కర్ర గుర్తు మీద వృత్తలేఖిని ముల్లు గుచ్చి ఒక చాపం గీశారు. రెండో జెండా కర్ర మీద గుచ్చి ఇంకో చాపం గీశారు. చాపాలు పైనొకచోట, కిందొకచోట కోసుకున్నాయి. ఆ రెండు చోట్లనీ కలిపి గీత గీస్తే అది రెండు ఊళ్లనీ కలిపే గీతని సరిగ్గా నడిమికి నరికింది. అక్కడ ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టి, పటాన్ని ముద్దుగా నిమిరారు. ఆయనకి కళ్లలో నీళ్లు తిరిగాయని ముత్యాలరావు తరవాత అందరికీ చెప్పాడు.

మర్నాడు పొద్దున్న నేను పండుగప్ప పులుసు పెడుతున్నాను. సర్వేయరు నూకరాజు గొలుసు ఈడ్చుకుంటూ కంచె దూకి, పశువుల పాకలోంచి దూరి, తిన్నగా వంటింట్లోకి వచ్చేశాడు. నా పీట పక్కన గచ్చు మీద ఇనప మేకు పెట్టి సుత్తితో దిగ్గొట్టాడు.

"ఏంటయ్యా అది?" అన్నాను.

"మధ్య బిందువండి. కొంచెం కాళ్లు తియ్యండి, మీరు సరిగ్గా దాని మీదున్నారు."

"రోడ్డు అటుంటే బస్సు స్టాపు ఇటు పెడతారేంటి? బస్సు నా పొయ్యి మీదకొస్తుందా?"

"బస్సు సంగతి నాకు తెలీదండి. చుక్క మాత్రం ఇక్కడే పడిందండి. ఆయ్."

అలా పడింది బాబూ మా కొంపలో చుక్క. బస్సు రోడ్డు మీదే ఆగేది. కానీ స్టాపులో నిలబడిన వాళ్లనే ఎక్కించుకోవాలని ఉత్తర్వు. అందుకని రెండు ఊళ్ల జనం పొద్దున్నే వచ్చి మా వంటింట్లో కూచునేవారు. కండక్టరు బస్సు దిగి, తోటలోంచి నడిచొచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి విజిలు ఊదేవాడు. అప్పుడు అందరూ సంచులు పట్టుకుని రోడ్డుకి పరుగు. మొదటి రోజు ఆ విజిలుకి మా పిల్లి అటక ఎక్కి రెండు పూటలు దిగలేదు.

వచ్చినవాళ్లు ఊరికే ఉంటారా? "వదినా, పులుసులో చింతపండు ఎక్కువైనట్టుందే" అని ఒకావిడ. "పిన్నీ, మేమైతే మెంతులు ఆఖర్న వేస్తాం" అని ఇంకొకావిడ. ఒకాయన చక్కగా మూత తీసి చూసి, మళ్లీ పెట్టేసి, ఏమీ అనకుండా పెదవి విరిచాడు. అన్నవాళ్లకంటే ఆయన మీదే నాకు ఎక్కువ మండింది. మా ఆయన బుల్లబ్బాయికి మాత్రం పండగే. మంచం తెచ్చి వంటింటి గుమ్మంలో వేసుకుని వచ్చేపోయేవాళ్లతో కబుర్లు.

"మన పెళ్లికి కూడా ఇంతమంది రాలేదే" అన్నాడు.

"మన పెళ్లికి బస్సు లేదు. నోర్మూసుకుని లేవండి, గుమ్మానికి అడ్డం."

నాలుగు రోజులకి లోపల తగువులు మొదలయ్యాయి. ఉప్పుమెరక వాళ్లు తాడిలంక వాళ్ల పక్క కూచున్నారట, కిటికీ గాలి ఆక్రమించారట. విశ్వపతి గారు స్వయంగా వచ్చారు. పరిస్థితిని సమీక్షించి, ఆ మేకు మీదుగా దక్షిణం నుంచి ఉత్తరానికి సున్నంతో గీత గీయించారు. గీత పొయ్యి పక్కనుంచి బయల్దేరి, గుమ్మంలోంచి మా ఆయన మంచాన్ని అడ్డంగా దాటి, వాకిట్లోకి పోయింది.

"అమ్మా, దీనిని లంబ సమద్విఖండన రేఖ అందురు. దీని మీద ఎచ్చట నిలబడినను ఉభయ గ్రామములకు సమాన దూరమే. దీనికి పడమర కూర్చున్నవారు ఉప్పుమెరకకు దగ్గర, తూర్పున కూర్చున్నవారు తాడిలంకకు దగ్గర. కావున ఎవరి పక్క వారు కూర్చుండవలెను."

"మరి మా ఆయన సంగతి?"

ఆయన మంచం వంక చూశారు. "తల ఉప్పుమెరక పరిధిలోను, కాళ్లు తాడిలంక పరిధిలోను ఉన్నవి. లేచి కూర్చున్నచో సమస్య తలెత్తదు."

అప్పుడు నాకొక మాట తట్టింది. గీత మీద ఎక్కడ నిలబడినా సమాన దూరమే అన్నారు కదా. ఆ గీత వాకిట్లోంచి తోటలోకి పోతుంది, తోటలోంచి రోడ్డుకి పోతుంది. అదే అడిగాను.

"అయితే బాబుగారూ, ఈ గీత రోడ్డుని ఎక్కడ దాటుతుందో అక్కడే పెట్టచ్చు కదండీ స్టాపు? రెండు ఊళ్లకీ సమానమే. బస్సు కూడా అక్కడే ఉంటుంది."

ఆయన నా వంక జాలిగా చూశారు. "అది సమానమే తల్లీ. కాని మధ్య కాదు. ఉత్తర్వులో మధ్య అని ఉన్నది."

అది జరిగిన మూడో రోజున గోడకి కాగితం అంటించారు. షెల్టరు నిర్మాణార్థం సదరు వంటగది పై నెల మొదటి సోమవారంనాడు తొలగించబడునని అందులో ఉంది. తుఫానుకి పాత వంటపాక ఎగిరిపోతే ఏడాదిపాటు టార్పాలిన్ కింద వండుకున్నాను. వర్షం వస్తే పొయ్యికి గొడుగు పట్టేదాన్ని. ఈ గోడకి మట్టి నేనే మోశాను. ఈ పొయ్యి నేనే వేసుకున్నాను, మా అత్తగారు మూడుసార్లు పడగొట్టించి నాలుగోసారికి బాగుందన్నారు. ఆవిడ ఇంకేదీ బాగుందన్న పాపాన పోలేదు. పొయ్యి ముందు కూలబడి ఏడ్చాను. తూర్పు పక్క కూచున్న తాడిలంక వాళ్లు కూడా ఏడ్చారు. పడమటి పక్కవాళ్లు బస్సు వచ్చేదాకా ఏడ్చారు.

మా ఆయన ఆ రాత్రి అన్నం తింటూ, "జెండా కర్ర జరిపితే చుక్క కూడా జరుగుతుంది కదే?" అన్నాడు. పెళ్లయ్యాక ఆయన నోట పనికొచ్చే మాట రావడం అదే మొదలు.

నేను ముత్యాలరావు దగ్గరికి పోయాను. "బాబూ, నీ జెండా కర్ర ఇంకాస్త పడమటికి పాతుకో. చుక్క అందులో సగం పడమటికి జరుగుతుంది. స్టాపు మీ ఊరికి దగ్గరవుతుంది, నా వంటిల్లు దక్కుతుంది."

"ఆహా! ఎంత మాట చెప్పావు వెంకాయమ్మక్కా!" అని ఆ పూటే కర్ర పీకించి ఊరి బయట చెరుకు తోటలో పాతించాడు. చుక్క మా వంటింట్లోంచి పడమటి కంచె అవతలికి జరిగింది. నేను దేవుడికి కొబ్బరికాయ కొట్టాను. సాయంత్రానికి సీతారత్నానికి తెలిసిపోయింది. ఆవిడ తన కర్రని అంతే దూరం తూర్పుకి జరిపింది. నూకరాజు మేకు పట్టుకుని మళ్లీ వంటింట్లోకి వచ్చాడు.

"నమస్కారమండి. వచ్చేశానండి" అన్నాడు, అత్తారింటికొచ్చిన అల్లుడిలా.

ఇంక చూడండి ఆ పోటీ. ముత్యాలరావు కర్రని చెరుకు తోట దాటించి కాలవ గట్టు మీదకి తీసుకెళ్లాడు. సీతారత్నం సరుగుడు తోపుల్లోకి తీసుకెళ్లింది. ఇతను కాలవ దాటాడు, ఆవిడ ఇసకలోకి పోయింది. కర్రతోపాటు పంచాయతీ ఆఫీసు కూడా ఉండాలని అధికారి గారన్నారని బీరువాలూ బల్లలూ మోయించారు. ఉప్పుమెరక పంచాయతీ సమావేశం పక్క మండలంలో, ఎవరిదో తెలియని చేలో జరిగింది. ఆ చేను గలాయన కర్ర పుచ్చుకుని వస్తే తీర్మానం సగంలో ఆపి పారిపోయారు. ఇటొకళ్లు ఎంత జరిగితే అటొకళ్లు అంతే జరగడంతో చుక్క వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నా పొయ్యి పక్కనే పాతుకుపోయి కూచుంది.

చివరికి తాడిలంక వాళ్లకి నేల అయిపోయింది. సీతారత్నం వెనక్కి తగ్గే మనిషా? జెండా కర్రని పడవలో పాతించి, లంగరు వేసి, సముద్రంలో నిలబెట్టింది. పంచాయతీ గుమస్తా అందులోనే కూచుని ధ్రువపత్రాలు రాసేవాడు. ఒకటి రాయడం, ఒకసారి వాంతి చేసుకోవడం.

పడవ ఊగుతుంది కదా. కర్ర నాలుగడుగులు ఊగితే చుక్క రెండడుగులు ఊగుతుంది. అధికారి గారు అది కూడా వదల్లేదు. ఒడ్డు మీద మనిషిని పెట్టి సెల్‌ఫోనులో చెప్పించేవారు. "కెరటం తూర్పుకి లాగిందండి!" అని అక్కడినుంచి అరిస్తే, మా వంటింట్లో నూకరాజు "స్టాపు తూర్పుకి జరిగింది, అందరూ జరగండి" అనేవాడు. జనమంతా జాడీల పక్కకి జరిగేవారు. "పడమటికి తోసిందండి!" అంటే పొయ్యి పక్కకి వచ్చేవారు. సీతారత్నం చిన్నత్తగారు, పెద్దావిడ, అటూ ఇటూ జరగలేక రోలు మీద కూలబడి, "పోటు ఎప్పుడు తగ్గుతుందమ్మా, నాకు కళ్లు తిరుగుతున్నాయి" అంది. ఇంట్లో కూచున్న మనిషికి సముద్రం పడలేదంటే మీరు నమ్ముతారా? నేను నిమ్మకాయ కోసి ఇచ్చాను.

గుమస్తా భార్య వెళ్లి అధికారి గారి కాళ్ల మీద పడింది. అప్పుడాయన రెండు కర్రల్నీ మొదటి చోట్లకే తెచ్చి పాతించి, ఇకపై కదిపినవారిపై కఠిన చర్య తీసుకొనబడునని ప్రకటించారు. చుక్క మళ్లీ మా వంటింట్లోనే. ఆ సోమవారం రానే వచ్చింది.

గునపాలతో కూలీలు వచ్చారు. వెనక విశ్వపతి గారు, నూకరాజు, ఇద్దరు సర్పంచులు, రెండు ఊళ్ల జనం. అంతమందిని చూసేసరికి నాకు ఏడుపు పోయి కోపం వచ్చింది. కోపం వస్తే నేను మనిషిని కాను. పెరట్లో కొబ్బరికాయలు కోసే దోటి ఉంటే లాక్కొచ్చాను. మా ఆయన ఎర్ర తువ్వాలు దాని చివర కట్టాను. మేకు ఊడబెరికి, ఆ కన్నంలోనే దోటి పాతేశాను. కప్పు ఎత్తు చాలక అది పెంకులు పొడుచుకుని పైకి పోయింది, నాలుగు పెంకులు కూలీ నెత్తిన పడ్డాయి.

"మీ ఇద్దరికే ఊళ్లున్నాయా? మాకు లేదా? ఇది మా పేట! ఇది మా జెండా! ఎవడు పడగొడతాడో రండి, చూస్తాను!"

ఎవరూ కదల్లేదు. సీతారత్నం మాత్రం "అక్కా, నెమ్మది, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి" అంది. నేను పాలు దించి వచ్చి మళ్లీ దోటి పట్టుకున్నాను.

విశ్వపతి గారు ముందుకొచ్చి దోటిని కిందనుంచి పైదాకా చూశారు. కోప్పడతారనుకున్నాను. ఆయన ముఖం దీపావళి మతాబులా వెలిగిపోయింది.

"మూడవ జనావాసము! నూకరాజూ, ఉత్తర్వు తియ్యి. ఏడవ పేరా చదువు."

నూకరాజు చదివాడు. "గ్రామముల సంఖ్య రెండుకు మించిన యెడల, మధ్య బిందువు వర్తించదు. అన్ని గ్రామములకు సమాన దూరమున గల బిందువును లంబ సమద్విఖండన రేఖల ఖండన ద్వారా కనుగొనవలెను."

"ఇన్నేళ్ల ఉద్యోగంలో మూడు ఊళ్లు నాకు ఎన్నడూ తగల్లేదు తల్లీ" అన్నారాయన. "గునపాలు దించండి!"

అక్కడే, నా చపాతీల బల్ల మీద పటం పరిచారు. ఉప్పుమెరకకీ నా వంటింటికీ చాపాలు వేసి ఒక గీత గీశారు. నా వంటింటికీ తాడిలంకకీ చాపాలు వేసి ఇంకో గీత గీశారు. రెండు గీతలూ ఎక్కడ కలుస్తాయో అక్కడే స్టాపు అన్నారు. అందరం తలలు వంచి చూశాం. గీతలు కలవలేదు. కాగితం అయిపోయింది.

"కాగితము చాలలేదు" అన్నారు. ఇంకో కాగితం అతికించారు. కలవలేదు. పాత క్యాలెండర్లు తెమ్మంటే తెచ్చాను. అవి అతికించుకుంటూ గుమ్మం దాటి, వాకిలి దాటి, పశువుల పాక దాకా పోయారు. గేదె ఒక క్యాలెండరు నమిలేసింది. రెండు గీతలూ రైలు పట్టాల్లా పక్కపక్కనే పోతున్నాయి తప్ప ఒకదాన్నొకటి పలకరించుకోవడం లేదు.

"బాబుగారూ, మూడు కర్రలూ ఒకే వరసలో ఉంటే ఆ గీతలు ఎలా కలుస్తాయండీ?" అని మా ఆయన మంచం మీంచి అడిగాడు.

"అధైర్యపడరాదు" అన్నారు విశ్వపతి గారు. "పటము చిన్నది. భూమి పెద్దది."

అలాగే భూమి మీదే గీయడానికి నిశ్చయించారు. నూకరాజు సున్నం బస్తాలు జీపులో వేసుకుని ఒక గీత వెంట ఉత్తరానికి బయల్దేరాడు. ఇంకో సర్వేయరు సైకిలు మీద రెండో గీత వెంట బయల్దేరాడు. కలిసినచోట ఫోను చేయమన్నారు. రెండో రోజు నూకరాజు ఫోను చేసి రెండో ఆయన దూరంగా కనబడుతున్నాడనీ, చెయ్యి ఊపుకున్నామనీ చెప్పాడు. నాలుగో రోజు గోదావరి దాటామన్నాడు. వారానికి కొండలొచ్చాయన్నాడు. "దగ్గరపడ్డారా?" అని అధికారి గారు అడిగితే, "బయల్దేరినప్పుడు ఎంత దూరంలో ఉన్నామో ఇప్పుడూ అంతే దూరంలో ఉన్నామండి. సున్నం అయిపోయిందండి, ఇక్కడ తిండి బాగుందండి" అన్నాడు. ఆ తరవాత అతని ఫోను కలవలేదు.

పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సదరు రేఖలు కలియువరకు స్టాపు నిర్మాణము నిలిపివేయబడినది. అంతవరకు మూడు జనావాసముల వారికిని స్టాపు లేదు. కావున ముగ్గురికిని సంపూర్ణ సమన్యాయము జరిగినట్లు భావించబడును. విశ్వపతి గారికి ప్రశంసాపత్రం ఇచ్చి, ఇంకో జిల్లాకి బదిలీ చేశారు. అక్కడ నాలుగు ఊళ్ల తగువుందట.

నా వంటిల్లు నాకు దక్కింది. బోర్డు తీసేశారు. జనం తోటకవతల రోడ్డు మీద ఎవరికి వీలైనచోట వాళ్లు నిలబడి చెయ్యెత్తుతున్నారు, డ్రైవరు ఆపుతున్నాడు. ముత్యాలరావు తన ఊరి మొదట్లో చెయ్యెత్తుతాడు, సీతారత్నం తన ఊరి మొదట్లో చెయ్యెత్తుతుంది. ఎవరూ బస్సు ముందు పడుకోవడం లేదు.

ఒకరోజు మధ్యాహ్నం తోటలో మట్టలు ఏరుకుంటుంటే రోడ్డు పక్కన విశ్వపతి గారు కనిపించారు. ట్రంకు పెట్టె కాళ్ల దగ్గర, ఇత్తడి పెట్టె చంకలో. జీపు నూకరాజుతోపాటే పోయింది కదా, పాపం బస్సుకోసం నిలబడ్డారు. ముఖం ఎండకి కమిలిపోయి ఉంది. చూస్తుండగానే ఒక బస్సు దుమ్ము రేపుకుంటూ ఆయన ముందునుంచే వెళ్లిపోయింది.

"అదేంటండీ, చెయ్యెత్తలేదేం?"

"ఇది నోటిఫై అయిన స్టాపు కాదమ్మా. నేను సంతకం చేసిన ఉత్తర్వే. నేనే ఎట్లు ఉల్లంఘింతును?"

"ఎన్ని బస్సులు పోయాయేంటి?"

"ఇది మూడవది."

ఈ మనిషి నా పొయ్యి పడగొట్టించబోయాడని కోపం ఉండాలి. ఉంది కూడా. కానీ ఆ చెమటా, ఆ ట్రంకు పెట్టే చూసి ఇంటికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చాను. ఆయన తాగి గ్లాసు ఇస్తుండగా ఇంకో బస్సు వచ్చింది.

"మీరెత్తకండి. ఉత్తర్వు మీద నేను సంతకం పెట్టలేదు కదా" అని మట్టలు కింద పడేసి రోడ్డు నడుమకి వెళ్లి రెండు చేతులూ ఎత్తాను. బస్సు ఆగింది. కండక్టరు తల బయటపెట్టి, "ఏం పిన్నీ, ఇయ్యాల పులుసేంటి?" అన్నాడు.

ఆయన్ని ఎక్కించి ట్రంకు పెట్టె అందించాను. కిటికీల్లోంచి చూస్తే ముందు సీట్లు ఖాళీ, వెనక సీట్లు ఖాళీ. విశ్వపతి గారు ఆ చివరా ఈ చివరా చూసి, నాలుగడుగులు వేసి, ఒకడుగు వెనక్కి వచ్చి, బస్సుకి సరిగ్గా నడుమ కమ్మీ పట్టుకుని నిలబడ్డారు.

"కూచోండి బాబూ, చాలా దూరం పోవాలి!" అని అరిచాను. ఆయన చేత్తో నమస్కారం పెడదామని కమ్మీ వదిలారు. అదే క్షణంలో డ్రైవరు గేరు వేశాడు. ఆయన వెళ్లి వెనక సీట్లో కూలబడ్డారు. నేను అక్కడే నిలబడి కడుపు పట్టుకుని నవ్వాను.